నజరేతు వడ్రంగి యోసేపు: ఒక గృహస్థుడి పవిత్రత

యోసేపు గలిలయలోని నజరేతు అనే చిన్న ఊళ్లో వడ్రంగి. మరియ భర్త. యేసును పెంచి పెద్దచేసిన తండ్రి. క్రైస్తవ లోకంలో ఇంతగా పేరు వినబడుతూ ఇంత తక్కువగా తెలిసిన మనుషులు అరుదు. నాలుగు సువార్తలు వెతికినా ఆయన పలికిన మాట ఒక్కటి దొరకదు. పుట్టిన ఏడు తెలియదు, పోయిన రోజు తెలియదు, సమాధి ఫలానా చోట ఉందని రూఢిగా చెప్పే ఆధారం లేదు. మార్కు సువార్తలో ఆయన పేరే రాదు. యోహాను సువార్తలో రెండుసార్లు వస్తుంది, అదీ యేసు ఎవరి కొడుకో ఇతరులు చెప్పుకొనే సందర్భంలో. ఉన్న కాస్త సమాచారంలో ఎక్కువ భాగం మత్తయి, లూకా సువార్తల మొదటి అధ్యాయాల్లోనే ఉంది.

మతాలు సాధారణంగా తలచుకొనేది ప్రాణాలిచ్చినవాళ్లను, బోధించినవాళ్లను, అన్నీ వదులుకొని అడవికో మఠానికో వెళ్లినవాళ్లను. యోసేపు ఈ ముగ్గురిలో ఎవరూ కాడు. పెళ్లి చేసుకొన్నాడు, పిల్లవాణ్ని సాకాడు, చెక్కపని చేసి ఇల్లు నడిపాడు. అలాంటి బతుకు తనంతట తానే పవిత్రమైనదా, లేక యేసు, మరియల పక్కన ఉన్నందుకు దానికి ఆ గౌరవం దక్కిందా? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి క్రైస్తవ ఆలోచనకు 1,400 ఏళ్లు పట్టింది. ఆ జాప్యం యోసేపు గురించి చెప్పేదానికంటే, మనుషులు ఎవరిని గుర్తుపెట్టుకోదగినవాళ్లని అనుకొంటారో ఆ సంగతినే ఎక్కువగా చెబుతుంది.

మత్తయి లెక్క ప్రకారం యోసేపు దావీదు రాజు వంశంవాడు. లూకా కూడా అదే చెబుతాడు కానీ వంశావళిలో పేర్లు కలవవు. యోసేపు తండ్రి పేరు ఒకచోట యాకోబు, ఇంకోచోట హేలీ. సంతానం లేకుండా పోయిన అన్న భార్యను తమ్ముడు చేసుకొనే యూదుల ఆచారాన్ని బట్టి ఒకరు కన్నతండ్రి, మరొకరు చట్టరీత్యా తండ్రి అయివుంటారని 3వ శతాబ్దిలో క్రైస్తవ రచయిత యూలియస్ ఆఫ్రికానస్ సర్దిచెప్పాడు. రాజవంశం పేరుకే మిగిలింది. బిడ్డ పుట్టాక యెరూషలేము ఆలయంలో అర్పించవలసిన కానుకగా ఆ దంపతులు తీసుకువెళ్లినవి పక్షులు. గొర్రెపిల్లను తెచ్చే స్తోమత లేనివాళ్లకు ధర్మశాస్త్రం ఇచ్చిన వెసులుబాటు అది. ఆ ఇంటి ఆర్థిక స్థితి గురించి సువార్తలు ఇంతకంటే సూటిగా ఎక్కడా చెప్పలేదు.

యోసేపు కథలో అన్నిటికంటే బరువైన ఘట్టం ఆయనకు ఏ దర్శనమూ కలగకముందే జరిగింది. మరియతో ప్రధానం అయింది. కాపురానికి ఇంకా తీసుకురాలేదు. ఆమె గర్భవతి అని తెలిసింది. యూదుల ఆచారంలో ప్రధానం అంటే మాట ఇచ్చిపుచ్చుకోవడంతో ముగిసేది కాదు. అప్పటినుంచి ఆమె చట్టరీత్యా భార్యే, విడిపోవాలంటే పరిత్యాగ పత్రిక రాయవలసిందే. ప్రధానమైన కన్య మరొకరితో తప్పుచేస్తే రాళ్లతో కొట్టి చంపాలని ద్వితీయోపదేశకాండం శాసిస్తోంది. ఆ రోజుల్లో అంతవరకు పోయేవారో లేదో గాని, నలుగురిలో పెట్టి పరువు తీసే హక్కు మాత్రం భర్తకు ఉండేది. తన మీద మచ్చ పడకుండా చూసుకోవాలంటే యోసేపుకు అదే తేలిక దారి. ఆయన ఆ దారి తొక్కలేదు. ఎవరికీ తెలియకుండా విడిచిపెడదామని నిశ్చయించుకొన్నాడు. మత్తయి ఆయనను నీతిమంతుడని పిలిచేది సరిగ్గా ఇక్కడే.

నీతి అంటే శాస్త్రంలో రాసినదాన్ని అక్షరాలా జరిపించడమే అయితే, చాటుగా విడిచిపెట్టాలనుకొన్నవాడు నీతిమంతుడెలా అవుతాడు? ఈ చిక్కును వ్యాఖ్యాతలు తలా ఒక రకంగా విప్పారు. యోసేపు మరియను అనుమానించాడనీ, అనుమానించికూడా ఆమెకు కీడు తలపెట్టలేదనీ 4వ శతాబ్ది బోధకుడు యోహాను క్రిసోస్తోము చెప్పాడు. నీతికి పరాకాష్ఠ ఆ దయేనని ఆయన భావం. యోసేపు అనుమానించలేదనీ, దైవకార్యం జరిగినచోట తాను ఉండతగనని భయభక్తులతో పక్కకు తప్పుకోజూశాడనీ 12వ శతాబ్దిలో క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు వివరించాడు. రెండో వివరణ యోసేపును కాపాడడానికి పుట్టినట్టు కనిపిస్తుంది. ఆయనకు అలాంటి కాపలా అక్కర్లేదు. గుండె పగిలిన మనిషి, తనకు అన్యాయం జరిగిందని నమ్మిన మనిషి, ఎదుటివాళ్ల ప్రాణాన్నీ పరువునూ ముందు కాపాడి ఆ తరువాతే తన బాధను తలచుకోవడం సందేహమే లేని భక్తికంటే కష్టమైన పని. దేవదూత కలలో కనిపించి మరియను చేర్చుకొమ్మని చెప్పేనాటికే యోసేపు నీతిమంతుడు. కల ఆయనకు సంగతి తెలియజేసింది, గుణం ఇవ్వలేదు.

మత్తయి సువార్తలో యోసేపుకు వచ్చే కలలు నాలుగు. మరియను చేర్చుకొమ్మని ఒకటి, హేరోదు పిల్లవాణ్ని చంపజూస్తున్నాడు గనుక ఐగుప్తుకు పారిపొమ్మని ఒకటి, రాజు పోయాడు తిరిగి రమ్మని ఒకటి, యూదయలో హేరోదు కొడుకు అర్కెలాయు ఏలుతున్నాడు గనుక గలిలయకు మళ్లమని ఒకటి. ప్రతి కల తరువాతా యోసేపు జవాబు ఏమిటంటే లేవడం, తల్లీబిడ్డలను తీసుకొని బయలుదేరడం. ఐగుప్తుకు రాత్రివేళనే బయలుదేరాడని మత్తయి ప్రత్యేకంగా చెబుతాడు. పనిముట్లు పట్టుకుపోయే వ్యవధి ఉందో లేదో తెలియదు. పరాయి దేశంలో పని వెతుక్కోవాలి, భాష తెలియనిచోట అద్దె ఇల్లు చూసుకోవాలి, చంటిబిడ్డకు జ్వరమొస్తే ఎవరిని అడగాలో తెలుసుకోవాలి. సువార్త ఇవేవీ చెప్పదు. వలస వెళ్లిన ఏ కుటుంబానికైనా ఇవి చెప్పకుండానే తెలుస్తాయి.

తండ్రిగా యోసేపు స్థానం గురించి చాలాకాలం ఒక తటపటాయింపు ఉండేది. పరిశుద్ధాత్మ వలన గర్భం కలిగిందని నమ్మినప్పుడు యోసేపును తండ్రి అనవచ్చా? పెంపుడు తండ్రి, పోషకుడు, పేరుకు తండ్రి అంటూ రకరకాల మాటలు వాడుకలోకి వచ్చాయి. సువార్తలు మాత్రం అంత తటపటాయించలేదు. బిడ్డకు పేరు పెట్టే బాధ్యతను మత్తయి యోసేపుకే అప్పగించాడు. ఆ సమాజంలో ఒక మగవాడు బిడ్డకు పేరు పెట్టడమంటే ఈ బిడ్డ నా ఇంటివాడు అని నలుగురి ముందు ఒప్పుకోవడం. దావీదు వంశం యేసుకు సంక్రమించిన దారి అదే. లూకా కథలో పన్నెండేళ్ల యేసు యెరూషలేములో తప్పిపోయి మూడు రోజులకు ఆలయంలో పండితుల మధ్య దొరికినప్పుడు తల్లి కొడుకును నిలదీస్తుంది. ఆ నిలదీతలో ఆమె యోసేపును మీ నాన్న అనే అంటుంది, తనకంటే ముందు ఆయన ఆదుర్దాను చెబుతుంది. యోసేపు అప్పుడు కూడా మాట్లాడలేదు. మూడు రోజులు ఊరంతా గాలించిన తండ్రి, కొడుకు కనబడగానే పక్కన నిలబడి తల్లిని మాట్లాడనిచ్చాడు.

5వ శతాబ్ది ఆరంభంలో అగస్తీను ఈ విషయమై తేల్చి చెప్పిన మాటకు ఎంతో విలువ ఉంది. శరీర సంబంధం లేకపోయినా వాళ్లది నిజమైన వివాహమే, ఎందుకంటే వివాహాన్ని నిలబెట్టేది మనసుల ఒప్పందం, పరస్పర నమ్మకం అని ఆయన వాదించాడు. అలాగే యోసేపు తండ్రితనం కూడా రక్తంవల్ల గాక ప్రేమవల్ల నిజమైనదని చెప్పాడు. 13వ శతాబ్దిలో తోమా అక్వీనాస్ ఆ వాదాన్నే పద్ధతిగా విస్తరించాడు. కన్నవాడే తండ్రి అని కులగౌరవం బల్లగుద్ది చెప్పే రోజుల్లో సాకినవాడు తండ్రి అని ఒక మతం తన కేంద్రకథ ఆధారంగానే ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. దత్తత తీసుకొన్నవాళ్లు, భార్య మొదటి పెళ్లి పిల్లలను సొంత పిల్లల్లా పెంచినవాళ్లు, తమ్ముడి అనాథ బిడ్డలను తలకెత్తుకొన్నవాళ్లు ఈ ఒప్పుకోలు నీడలోకే వస్తారు.

కొడుక్కి చేతిపని నేర్పడం తండ్రి విధుల్లో ఒకటని యూదుల తల్మూదు లెక్కపెట్టింది. నేర్పనివాడు దొంగతనం నేర్పినట్టే అని అందులో ఒక గురువు అభిప్రాయం. తల్మూదు గ్రంథరూపం యోసేపు కాలానికి చాలా తరువాతిదే అయినా, ఆచారం పాతదే. డేరాలు కుట్టి పొట్టపోసుకొన్న పౌలు కూడా అలాంటి ఇంట పెరిగినవాడే కావచ్చు. మత్తయి సువార్తలో ఊరివాళ్లు యేసును వడ్లవాడి కొడుకుగా గుర్తుపడితే, మార్కు సువార్తలో యేసునే వడ్లవాడంటారు. ఈ రెండు వాక్యాల మధ్య ఒక పిల్లవాడు తండ్రి పక్కన కూర్చొని పని నేర్చుకొన్న ఏళ్లన్నీ ఉన్నాయి.

ఆ పని ఎలాంటిదో ఊహించడానికి కొంత ఆధారం ఉంది. గలిలయలో ఇళ్ల గోడలు రాతివి. కప్పుకు దూలాలు, గుమ్మాలకు తలుపులు, గడియలు, పెట్టెలు, పొలానికి నాగళ్లు, ఎడ్ల మెడకు కాడి కావాలి. యేసు నాగళ్లూ కాడులూ చేసేవాడని 2వ శతాబ్ది మధ్యలో క్రైస్తవ రచయిత జస్టిన్ రాశాడు. ఆయన కూడా పాలస్తీనాలోనే పుట్టినవాడు గనుక ఆ మాటను తోసిపుచ్చడానికి వీల్లేదు. కాడి చేయడం తెలిసినవాళ్లకు తెలుసు, ఎద్దు మూపు మీద కూర్చొనేచోట బాడిసతో ఒక్క వేటు ఎక్కువ పడినా, చిత్రిక సరిగా పట్టకపోయినా మెడ ఒరుసుకుపోయి పుండవుతుంది. ఆ పుండు వడ్రంగికి కనిపించదు. పొలంలో ఎద్దుకూ రైతుకూ తెలుస్తుంది. మంచి పనివాడి నీతి ఇలా తాను చూడని చోట, తనకు తెలియని ప్రాణికి మేలో కీడో చేస్తూ ఉంటుంది. నజరేతుకు సుమారు 6 కిలోమీటర్ల దూరంలో సెఫోరిస్ నగరం ఉండేది. మొదటి హేరోదు చావు తరువాతి తిరుగుబాటులో రోమను సైన్యం దాన్ని తగలబెడితే, అతని కొడుకు అంతిపా తిరిగి కట్టించాడు. చుట్టుపక్కల ఊళ్ల పనివాళ్లకు అక్కడ ఏళ్ల తరబడి కూలి దొరికివుంటుందనీ, యోసేపు కూడా వెళ్లివుంటాడనీ కొందరు పండితుల ఊహ. సువార్తల్లో ఆ నగరం పేరు లేదు గనుక అది ఊహగానే మిగిలింది.

వడ్రంగి పని అనే మాట తొలి శతాబ్దాల క్రైస్తవుల్లో కొందరికి గొంతులో పడ్డ ముల్లులా ఉండేది. గ్రీకు రోమను లోకంలో చేతిపనికి గౌరవం తక్కువ. ఉత్తమ రాజ్యంలో చేతిపనివాడికి పౌరసత్వం ఉండదని అరిస్టాటిల్ తీర్మానించాడు. పనిశాలలో ఉదాత్తమైనదేదీ ఉండదని సిసెరో రాశాడు. 2వ శతాబ్దిలో సెల్సస్ అనే తాత్త్వికుడు క్రైస్తవులను వెక్కిరిస్తూ వాళ్ల దేవుడు వడ్రంగి అని ఎత్తిపొడిచాడు. దానికి 3వ శతాబ్దిలో జవాబు రాసిన ఓరిగెను ఎంతటి మేధావో అంత తడబడ్డాడు. సంఘాలు అంగీకరించిన సువార్తల్లో యేసును వడ్రంగి అని ఎక్కడా అనలేదని ఆయన వాదన. మార్కులో ఆ మాట ఉంది. ఆయన చేతిలోని ప్రతిలో పాఠం వేరుగా ఉండివుండవచ్చు. అయినా అవును, వడ్రంగే, అయితే ఏమిటి అని అడగాలని ఆయనకు తోచకపోవడం ఆ కాలపు మనసును చూపిస్తుంది. క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దిలో యెరూషలేములో రాసిన సీరా పుత్రుని జ్ఞానగ్రంథంలో ఇంతకంటే మెరుగైన చూపు కనిపిస్తుంది. వడ్రంగినీ కమ్మరినీ కుమ్మరినీ సభల్లో పెద్దలుగా కూర్చోబెట్టరని ఒప్పుకొంటూనే, లోకం నడిచేది వాళ్లవల్లేననీ, చేసే పనే వాళ్ల ప్రార్థన అనీ ఆ గ్రంథకర్త చెప్పాడు. యోసేపును అర్థం చేసుకోవడానికి కావలసిన ఆలోచన ఆయన పుట్టకముందే ఆయన జాతి గ్రంథాల్లో సిద్ధంగా ఉంది.

యేసు బోధించడం మొదలుపెట్టేసరికి యోసేపు కథలో లేడు. కానా పెళ్లిలో మరియ ఉంది, ఆయన లేడు. సిలువ దగ్గర యేసు తల్లిని శిష్యుడికి అప్పగించాడు. భర్త బతికివుంటే ఆ అవసరం రాదు. యోసేపు అప్పటికే పోయాడని సంప్రదాయం తేల్చుకొన్నది ఇలా ఆయన కనిపించకపోవడాన్ని బట్టే.

సువార్తలు వదిలిన ఖాళీని కథలు నింపాయి. 2వ శతాబ్దినాటి యాకోబు పూర్వసువార్త యోసేపును ముసలివాడుగా, పెద్ద కొడుకులున్న విధురుడుగా చిత్రించింది. ఆయన చేతికర్ర నుంచి పావురం ఎగరడం చూసి మరియకు సంరక్షకుడుగా ఆయనను ఎంచారని అందులో కథ. ఐగుప్తు క్రైస్తవుల్లో పుట్టిన వడ్రంగి యోసేపు చరిత్ర అనే రచన ఇంకా ముందుకు పోయి ఆయనకు 111 ఏళ్ల ఆయువు ఇచ్చింది. యేసు ఒలీవ కొండమీద శిష్యులకు తన తండ్రి మరణం గురించి చెప్పినట్టు రాసిన గ్రంథమిది. చావంటే భయపడే ముసలివాడి మంచం పక్కన కూర్చొని ఆయన కాళ్లూ చేతులూ పట్టుకొన్న కొడుకు ఇందులో కనిపిస్తాడు. కాప్టిక్ సంఘం ఇప్పటికీ తమ పంచాంగంలో అబీబు నెల 26న, అంటే మన లెక్కలో ఆగస్టు 2న, యోసేపును స్మరిస్తుంది.

ఈ ముసలితనం వెనుక ఒక అవసరం ఉంది. సువార్తల్లో యేసు సోదరులని పేర్లతో సహా చెప్పినవాళ్లు ఎవరు? మరియ నిత్యకన్య అని నమ్మిన తూర్పు సంఘాలు వాళ్లను యోసేపు మొదటి భార్య పిల్లలుగా తీసుకొన్నాయి. 383 ప్రాంతంలో జెరోము దాన్ని కాదని, వాళ్లు దగ్గరి బంధువుల పిల్లలనీ, యోసేపు కూడా బ్రహ్మచారేననీ వాదించాడు. పడమటి సంఘం ఆ దారిన పోయింది. యోసేపు, మరియలకు తరువాత పుట్టిన పిల్లలే వాళ్లని ప్రొటెస్టెంట్లలో చాలామంది నమ్మకం. ఈ తగవు ఇప్పట్లో తెగేది కాదు. అయితే ముసలి యోసేపు బొమ్మవల్ల ఒక నష్టం జరిగింది. కోరికలుడిగిన మనిషికి నిగ్రహం గొప్పకాదు, వయసు అయిపోయినవాడికి సంసార భారం మోసే సత్తువ ఉండదు. మధ్యయుగాల చిత్రాల్లో యేసు పుట్టుక దృశ్యం ఒక మూల గెడ్డం కింద చేయి పెట్టుకొని కునికే ముసలాయన యోసేపే. అది కుటుంబాన్ని నడిపిన మనిషి రూపం కాదు.

ఆయనకు పండుగ రావడం ఆలస్యం కావడానికి కారణం కూడా తెలుస్తూనే ఉంది. తొలి సంఘంలో పునీతుల స్మరణ అంటే సమాధి దగ్గర, చనిపోయిన తేదీన జరిగేది. రక్తసాక్షికి తేదీ ఉంటుంది, సమాధి ఉంటుంది. బోధకుడికి పుస్తకాలుంటాయి. మఠం స్థాపించినవాడికి శిష్య పరంపర ఉంటుంది. రోజూ పనికి పోయి ఇంటికి వచ్చిన మనిషికి ఇవేవీ ఉండవు. ఆయన చేసిన నాగళ్లు అరిగిపోతాయి, కట్టిన ఇళ్లు కూలిపోతాయి. మిగిలేది పెంచిన బిడ్డ ఒక్కడే.

మార్పుకు గట్టి పునాది వేసినవాడు పారిస్ విశ్వవిద్యాలయం కులపతి జాన్ జెర్సాన్. ఐగుప్తుకు నడిచివెళ్లి, అక్కడ కష్టపడి భార్యాబిడ్డలను పోషించినవాడు ముసలివాడు ఎలా అవుతాడని ఆయన అడిగాడు. ఆ ప్రశ్నలో పాండిత్యంకంటే లోకజ్ఞానం ఎక్కువ. 1416లో కాన్‌స్టాన్స్ మహాసభలో సంఘాధిపతుల ఎదుట యోసేపు మీద ప్రసంగించి ఆయనకు ఘనమైన పండుగ కావాలని కోరాడు. పోపులమని ముగ్గురు చెప్పుకోవడంతో సంఘంలో వచ్చిన చీలిక ఇంకా పూర్తిగా మాయని రోజులవి. చీలిన ఇంటికి ఇల్లు నిలబెట్టిన మనిషి మాదిరి అవసరమని జెర్సాన్ భావించాడు. ఆ శతాబ్ది చివరి భాగంలో పోపు 4వ సిక్స్టస్ మార్చి 19న జరిగే యోసేపు పండుగను రోము పంచాంగంలో చేర్చాడు. 1621లో 15వ గ్రెగొరీ దాన్ని తప్పనిసరి పండుగ చేశాడు. ఈలోగా స్పెయిన్‌లో ఆవిలా తెరెసా యోసేపును తన తండ్రిగా ఎంచుకొని, 1562లో స్థాపించిన మొదటి మఠానికి ఆయన పేరే పెట్టింది. ఆ భక్తి ఊళ్లకు పాకింది. 1650 ప్రాంతంలో సెవిల్ చిత్రకారుడు మురిల్యో వేసిన తిరుకుటుంబ చిత్రంలో యోసేపు నల్లటి జుట్టున్న యువకుడు. మోకాళ్ల మధ్య నిలబడ్డ పిల్లవాడు చేతిలో పిట్టను పట్టుకొని కుక్కను ఆటపట్టిస్తుంటే తండ్రి అతణ్ని పట్టుకొని చూస్తున్నాడు. మరియ వెనుక నూలు చుడుతోంది, మరోపక్క వడ్రంగి బల్ల ఉంది. మూలన కునికిన ముసలాయన ముందుకు వచ్చి కొడుకుతో ఆడుకొనే నాన్న అయ్యాడు.

అంతకు కొద్ది ఏళ్లముందు, 1642 ప్రాంతంలో, ఫ్రాన్సులోని లొరేన్ చిత్రకారుడు జార్జ్ దె లా టూర్ వేసిన వడ్రంగి యోసేపు ఇప్పుడు పారిస్ లూవ్ర మ్యూజియంలో ఉంది. ఇందులో యోసేపు పెద్దవాడే, కానీ ముంజేతుల్లో బలం ఉంది. వంగి, నేలమీది దుంగలో రెండు చేతులతో బర్మా తిప్పుతున్నాడు. నుదుటి మడతలన్నీ కనిపిస్తాయి. ఎదుట కూర్చొన్న పిల్లవాడు కొవ్వొత్తి పట్టుకొని, గాలికి ఆరకుండా అరచేయి అడ్డుపెట్టాడు. ఆ వేళ్ల సందుల్లోంచి, వేళ్ల చర్మంలోంచి కూడా వెలుగు ఎర్రగా దిగుతోంది. నేలమీద ఉలి, చిత్రికకు లేచిన చెక్క చుట్ట పడివున్నాయి. ఆ దుంగ రాబోయే సిలువకు గుర్తని కళాపండితులు చెబుతారు. అది నిజమే అయినా, మొదట కంటికి కనిపించేది పొద్దుపోయాక కూడా పని ముగించవలసివచ్చిన తండ్రి, నిద్ర మానుకొని ఆయనకు దీపం పట్టిన కొడుకు.

19వ శతాబ్దిలో ఫ్యాక్టరీలు వచ్చి, కుటుంబం అంతా ఒకచోట పనిచేసే ఇల్లు చెదిరిపోయాక యోసేపు పేరు మళ్లీ కొత్త అవసరానికి పిలుపందుకొంది. 1870 డిసెంబరు 8న పోపు 9వ పయస్ ఆయనను విశ్వశ్రీసభకు, అంటే కతోలిక సంఘమంతటికీ, పాలక పునీతుడిగా ప్రకటించాడు. 1889 ఆగస్టు 15న 13వ లియో వెలువరించిన లేఖ యోసేపును కూలిపని చేసుకొనేవాళ్లకు ఆదర్శంగా చూపింది. అదే ఏడు పారిస్‌లో సోషలిస్టుల మహాసభ మే 1ని కార్మికుల పోరాట దినంగా నిర్ణయించింది. 1955లో 12వ పయస్ సరిగ్గా ఆ మే 1వ తేదీనే శ్రామికుడైన యోసేపు పండుగను నెలకొల్పాడు. కమ్యూనిస్టులకు పోటీగా పెట్టిన పండుగ అన్న మాటలో నిజం ఉంది. ఇటలీలో ఆనాటి రాజకీయాలు అలాంటివే. అయితే పోటీలో పుట్టినదైనా, ఒక వడ్రంగిని వడ్రంగిగానే గౌరవించి అతని పని పేరునే పండుగ పేరులో పెట్టడం కొత్త విషయం. ఓరిగెను దాటవేసిన సంగతిని 1,700 ఏళ్ల తరువాత శ్రీసభ పంచాంగంలో రాసుకొంది. 1962 నవంబరులో 23వ యోహాను దివ్యబలిపూజ ప్రధాన ప్రార్థనలో యోసేపు పేరు చేర్చాడు. దాదాపు 1,300 ఏళ్లుగా ముట్టుకోని ప్రార్థన అది. మిగిలిన బలిపూజ ప్రార్థనల్లోకి ఆ పేరు 2013లో వచ్చింది.

ఇల్లు నడిపే బతుకు తనంతట తానే పవిత్రమా అన్న మొదటి ప్రశ్నకు ఇక్కడ జవాబు స్పష్టపడుతుంది. యేసు పక్కన ఉండడంవల్ల యోసేపుకు పవిత్రత వచ్చిందని చెబితే ఆ పక్కన ఏం జరిగిందో వదిలేసినట్టే. పిల్లవాడికి తిండి, రక్షణ, పేరు ఇచ్చి, పని, ప్రార్థన నేర్పిన చోటు ఆ ఇల్లు. దేవుడే మనిషిగా పుట్టాడని నమ్మే మతంలో ఆ మనిషికి నడక నేర్పిన చేతుల పని పక్కపని కాలేదు. మహాభారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ ఆలోచన కొత్తగా అనిపించదు. తపస్సు గర్వంతో వచ్చిన కౌశికుడికి మిథిలలో మాంసం అమ్ముకొనే వ్యాధుడు తన ముసలి తల్లిదండ్రులను చూపించి, వాళ్ల సేవా, కులవృత్తీ తన ధర్మమని చెప్పాడు. తేడా ఒకటుంది. ధర్మవ్యాధుడు ధర్మాన్ని విడమరచి బోధించాడు. యోసేపు బోధించలేదు. ఇల్లు నడిపేవాళ్లలో ఎక్కువమంది యోసేపు లాంటివాళ్లే. వాళ్ల ధర్మానికి వ్యాఖ్యానం ఉండదు, చూసి నేర్చుకొన్న పిల్లలు మాత్రం ఉంటారు.

తెలుగు కతోలికులకు యోసేపు జోజప్పగారు. గుంటూరు, కృష్ణా జిల్లాల పల్లెల్లో జోజప్ప, జోజి, జోజమ్మ అనే పేర్లు తరాలుగా వస్తున్నాయి. హైదరాబాదు గన్‌ఫౌండ్రీలోని ప్రధాన దేవాలయం ఆయన పేరిటే ఉంది. గుళ్లలో ఆయన విగ్రహానికి ఒక చేతిలో లిల్లీపూల కొమ్మో మూలమట్టమో, మరో చేతిలో బాలయేసో ఉంటారు. లూథరన్, బాప్తిస్టు సంఘాల్లో పునీతుల పండుగలకు అంత చోటు లేదు గనుక అక్కడ యోసేపు ఎక్కువగా క్రిస్మస్ నాటకంలోనే కనిపిస్తాడు. చాలా నాటకాల్లో ఆయనకు చేతికర్ర, తలపాగా, రెండు మూడు మాటలు ఇస్తారు. సువార్త ఇచ్చినదానికంటే అవే ఎక్కువ.

మంచి మరణానికి పాలక పునీతుడిగా కూడా కతోలికులు యోసేపును వేడుకొంటారు. ఒకపక్క భార్య, మరోపక్క కొడుకు ఉండగా కన్నుమూసిన మనిషి అన్న నమ్మకమే దీనికి మూలం. సువార్తల్లో ఆ దృశ్యం లేదు. కాప్టిక్ కథ నాటిన ఊహ పడమటికి వచ్చి 17వ శతాబ్ది చిత్రాల్లో స్థిరపడింది. చనిపోయేవాడు అన్నిటికంటే ఎక్కువగా కోరుకొనేది తాను సాకినవాళ్లు దగ్గరుండడమే గనుక ఆ ఊహకు ఆధారం గ్రంథాల్లో లేకపోయినా మనుషుల్లో ఉంది.

2020 డిసెంబరు 8న, 9వ పయస్ ప్రకటనకు 150 ఏళ్లు నిండిన రోజున, పోపు ఫ్రాన్సిస్ తండ్రి హృదయంతో అనే అర్థం వచ్చే పేరుతో ఒక లేఖ వెలువరించి, ఆ మరుసటి డిసెంబరు 8 వరకు యోసేపు సంవత్సరంగా ప్రకటించాడు. కరోనా కాలం అది. వార్తల్లోకి రాకుండా ఊరిని నిలబెట్టిన నర్సులు, పారిశుద్ధ్య కార్మికులు, సరుకులు చేరవేసినవాళ్లు ఆ లేఖలో యోసేపు పక్కన చోటు చేసుకొన్నారు. ఎవరూ తండ్రిగా పుట్టరనీ, మరొక ప్రాణి బాధ్యత నెత్తినవేసుకొన్నప్పుడే తండ్రి అవుతారనీ లేఖ వివరిస్తుంది. బిడ్డను తన సొత్తుగా గుప్పిట్లో పెట్టుకోకుండా ప్రేమించడమే యోసేపు నిగ్రహానికి అసలు అర్థమని కూడా అందులో ఉంది. జెరోము కాలంనుంచి శరీరానికే కట్టుబడివున్న చర్చను ఈ మాట తండ్రీకొడుకుల సంబంధం మీదికి మళ్లించింది. కొడుకు పని నేర్చుకొని, ఊరు విడిచి, తండ్రి ఊహించని దారిన వెళ్లిపోతాడు. ఆ దారి ఎటు పోయిందో చూడడానికి యోసేపు లేడు.